రేషన్ బియ్యం, సంఘం జొన్నలు: రామగిరికి ఏది ఆసరా?

పెద్దపల్లి జిల్లా రామగిరి మండలంలో తిండి సంగతి మాట్లాడాలంటే ముందు భూమి సంగతి మాట్లాడాలి. ఒక పక్క బేగంపేట దగ్గర రామగిరి ఖిల్లా, దాని చుట్టూ ఊళ్లలో వరి, పత్తి చేలు. ఇంకో పక్క సింగరేణి బొగ్గు సంస్థ రామగుండం-3 (ఆర్జీ-3) ఏరియా ఓపెన్‌కాస్టులు, అడ్రియాల లాంగ్‌వాల్ గని, బొగ్గు పైనుంచి తవ్వి పోయగా ఏటా ఎత్తు పెరిగే ఓబీ మట్టి కుప్పలు. 2016 అక్టోబరులో పెద్దపల్లి జిల్లా ఏర్పడ్డప్పుడు కమాన్‌పూర్ నుంచి విడిపోయి రామగిరి మండలమైంది. దానికి కేంద్రం సెంటినరీ కాలనీ, బొగ్గు సంస్థ తన కార్మికుల కోసం కట్టిన క్వార్టర్ల ఊరు. లద్నాపూర్ లాంటి పాత ఊళ్లు ఓపెన్‌కాస్టు గని (ఓసీపీ) విస్తరణలో పొలాలతోపాటు ఇళ్లనూ వదులుకోవాల్సి వచ్చింది.

ఈ ఒక్క మండలంలోనే మూడు రకాల కంచాలున్నాయి. పర్మినెంట్ కార్మికుడికి నెల తిరిగేసరికి జీతం పడుతుంది, గని దగ్గర క్యాంటీన్ ఉంటుంది, కాలనీలో సూపర్ బజార్ ఉంటుంది. అదే గనిలో మట్టి ఎత్తే కాంట్రాక్టు కార్మికుడికి పని ఉన్న రోజే కూలి. వీళ్లలో కొందరు బీహార్, జార్ఖండ్, ఒడిశాల నుంచి వచ్చినవాళ్లు. మూడో కంచం భూమి పోయిన కుటుంబానిది. నష్టపరిహారం ఇంటికీ పెళ్లికీ అప్పులకూ పోయాక, నిన్నటిదాకా ఇంట్లో గుమ్మి నింపుకున్న మనిషి కిలోల లెక్కన కొనుక్కోవాల్సి వస్తుంది. 1990ల మొదట్లో లక్షకు పైగా పర్మినెంట్ కార్మికులున్న సింగరేణిలో ఇప్పుడు ఆ సంఖ్య నలభై వేల దరిదాపుల్లో ఉంది. మొదటి కంచం చుట్టూ కూర్చునేవాళ్లు తగ్గుతున్నారు, మిగతా రెండింటి చుట్టూ పెరుగుతున్నారు.

ఇక్కడి ఆకలి పూర్వపు కరువుల ఆకలి కాదు. పొయ్యి రాజేయని ఇళ్లు అరుదు. కానీ 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తెలంగాణ గురించి చెప్పిన లెక్కలు చూస్తే గుండె చెదురుతుంది. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో 70 శాతం మందికి రక్తహీనత. 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత. ఐదేళ్ల లోపు పిల్లల్లో 33.1 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. అంతకు నాలుగైదేళ్ల ముందు సర్వేలో ఈ గిడసబారిన పిల్లలు 28 శాతమే. కడుపు నిండుతోంది, ఒళ్లు నిండటం లేదు.

ఆకలిని అడ్డుకోవడానికి తెలుగు నేల మీద పుట్టిన రెండు పెద్ద ప్రయత్నాలను ఇక్కడ పక్కపక్కన పెట్టి చూడాలనుకుంటున్నాను. ఒకటి, 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం మొదలుపెట్టిన రెండు రూపాయల కిలో బియ్యం, దాని వారసత్వంగా నేటి రేషన్ దుకాణం. రెండోది, అదే 1983లో జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్‌లో పి.వి. సతీశ్, ఆయన మిత్రులు మొదలుపెట్టిన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ, 1990ల నడుమ నుంచి అక్కడి మహిళా సంఘాలు నడిపిన జొన్నల పంపిణీ. ఒకే ఏడాది, ఒకే ఉమ్మడి రాష్ట్రంలో బయలుదేరిన ఈ రెండు దారులూ ఆకలిని రెండు వేరు వేరు జబ్బులుగా చూశాయి. మొదటిది ఆకలిని కొనలేని తనంగా చూసింది. రెండోది పండించుకోలేని తనంగా చూసింది. రామగిరికి ఏది ఎంతవరకు పనికొస్తుందో తేలాలంటే రెండింటినీ ఒకే ప్రశ్నలు అడగాలి.

ఆకలిగొన్నవాళ్లెవరని ఎవరు తేలుస్తారు?

రేషన్ పద్ధతిలో ఆ తీర్పు కాగితానిది. తెలంగాణలో ఆహార భద్రత కార్డుకు ఆదాయ పరిమితి పల్లెల్లో ఏడాదికి లక్షన్నర రూపాయలు, పట్టణాల్లో రెండు లక్షలు. తరి భూమి మూడున్నర ఎకరాలు, కుష్కి అయితే ఏడున్నర ఎకరాలు దాటకూడదు. దేశమంతటికీ 2013 జాతీయ ఆహార భద్రత చట్టం గ్రామీణ జనాభాలో 75 శాతం, పట్టణ జనాభాలో 50 శాతం వరకు లోపలికి తీసుకుంది. ఈ గీతకు గొప్ప బలం ఉంది. గీత లోపల ఉన్న మనిషి ఎవరి దయా అడగనక్కర లేదు. బియ్యం ఇవ్వకపోతే చట్టం పేరు చెప్పి నిలదీయొచ్చు.

అదే గీతకు బలహీనతా ఉంది. తెలంగాణలో కొత్త కార్డుల కోసం కుటుంబాలు ఏళ్ల తరబడి ఎదురుచూశాయి, పెద్ద ఎత్తున కొత్త కార్డులు చేతికొచ్చింది 2025లోనే. ఆ నడుమ కాలంలో పెళ్లయి వేరుపడ్డ జంట, పుట్టిన బిడ్డ, పుట్టింట్లో పేరు తీసేయించుకుని అత్తగారింట్లో ఎక్కని ఆడపిల్ల కాగితం మీద లేనట్టే. బొగ్గు ప్రాంతంలో ఈ చిక్కు ఇంకా ముదురుతుంది. ఓసీపీ కింద ఊరు పోయినవాడి చిరునామా ఒకటి, బతుకుతున్న చోటు ఒకటి. భూమి రికార్డులో నిన్నటి ఎకరాలుంటాయి, చేతిలో ఇవాళ కూలి ఉంటుంది.

పస్తాపూర్ చుట్టుపక్కల సంఘాలు ఈ తీర్పును ఊరికి అప్పగించాయి. జనం ఒక చోట చేరి నేల మీద తమ ఊరి పటం గీసేవాళ్లు. ఇంటింటికీ గుర్తు పెట్టి, ఏ ఇంటికి ఎంత భూమి ఉంది, పశువులున్నాయా, ఏ ఇల్లు ఏ నెలలో పస్తుంటుంది అని అందరి ముందూ మాట్లాడుకునేవాళ్లు. ఆ వరస ప్రకారం మరీ లేనివాళ్లకు ఎక్కువ గింజలు, కాస్త ఉన్నవాళ్లకు తక్కువ. ఆదాయ ధ్రువీకరణ పత్రం ఎవరూ అడగలేదు. ఒంటరి ముసలమ్మ ఇంటి పొయ్యి ఎప్పుడు వెలుగుతుందో తహసీల్దారు కన్నా పక్కింటావిడకే బాగా తెలుసు.

అయితే ఊరి చూపు ఎప్పుడూ న్యాయంగా ఉంటుందని చెప్పలేం. ఊళ్లో కులముంది, పగలున్నాయి. జహీరాబాద్‌లో ఆ ప్రమాదాన్ని అదుపులో పెట్టింది రెండు సంగతులు: సంఘాల్లో ఎక్కువమంది దళిత స్త్రీలు కావడం, లెక్క బహిరంగంగా తేలడం. సెంటినరీ కాలనీ అంచున రేకుల గదుల్లో ఉండే జార్ఖండ్ కార్మికుడిని తీసుకోండి. అతన్ని తన మనిషిగా లెక్కించే ఊరు ఇక్కడ లేదు. ఊరి పటం గీస్తే అతని గది అందులో ఉండకపోవచ్చు. చట్టానికి పొరుగువాళ్ల ఆప్యాయత అక్కర లేదు, అదే దాని గొప్పతనం. 2019 ఆగస్టులో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ జంటగా మొదలైన ‘ఒకే దేశం, ఒకే రేషన్ కార్డు’ ఏర్పాటు వల్ల సొంత రాష్ట్రం కార్డుతోనే ఇక్కడ బియ్యం తీసుకునే వీలు కలిగింది. ఈ ప్రశ్నకు నా జవాబు: హక్కు చట్టానిదే కావాలి, జాబితా మాత్రం ఊరి ముందు చదివి వినిపించాలి. ఎవరి పేరు రాలేదో చెప్పే గొంతు ఊరిదే.

కంచంలో ఏం పడుతుంది?

రేషన్ కింద తెలంగాణలో మనిషికి నెలకు ఆరు కిలోలు. అంటే రోజుకు 200 గ్రాముల బియ్యం, సుమారు 700 కేలరీలు. కూలి మనిషి రోజంతా పనిచేయడానికి కావలసిన దాంట్లో ఇది మూడో వంతు కూడా కాదు. మిగతాది కొనుక్కోవాలి. బియ్యానికి పోయే డబ్బు మిగిలితే ఆ డబ్బుతో పప్పు, కూర, గుడ్డు కొంటారన్నది రేషన్ వెనకున్న ఆలోచన. ఆ ఆలోచన చాలా ఇళ్లలో నిజమైంది కూడా. నెల మొదట్లో దుకాణం ముందు నిలబడి చూస్తే దాని విలువ తెలుస్తుంది. చేతిలో సంచి, కొంగున కట్టిన కార్డు, ఈపాస్ మిషన్ మీద వేలు. మట్టి పనితో వేలిగీతలు అరిగిపోయిన మనిషి మొదటిసారి పెట్టిన వేలును మిషన్ గుర్తించదు. రెండో వేలు, మూడో వేలు, ఆ తర్వాత కన్ను. మిషన్ ఒప్పుకుని, తూకం మీద బియ్యం పడ్డాక ఆ ఆడమనిషి ముఖంలో వచ్చే నెమ్మది ఏ గణాంకంలోనూ కనిపించదు. కనీసం ఈ నెల గంజికి ఢోకా లేదు.

కానీ ఆ సంచిలో ఉన్నది బియ్యమొక్కటే. ఏళ్ల తరబడి ఇచ్చిన దొడ్డు బియ్యాన్ని చాలామంది తినలేక తక్కువ ధరకు అమ్ముకున్నారు. కొన్నవాళ్లు మిల్లులకో, గోదావరి దాటించి మహారాష్ట్రలోని సిరోంచ వైపో, రైళ్లలో విరూర్ వైపో తరలించారు. పెద్దపల్లి, మంథని ప్రాంతాల పత్రికల్లో ఇది మామూలు వార్త అయిపోయింది. తినలేని తిండి ఇచ్చి తినలేదని జనాన్ని నిందించడం తప్పు. 2025 ఉగాది నాడు హుజూర్‌నగర్‌లో మొదలైన సన్నబియ్యం పంపిణీ ఆ తప్పును దిద్దింది. ఉన్నోడు తినే బియ్యమే లేనోడి కంచంలోకీ వచ్చింది. దీన్ని చిన్నచూపు చూడకూడదు. గౌరవం కూడా తిండిలో భాగమే.

ఐతే సన్నదైనా దొడ్డుదైనా పాలిష్ పట్టిన బియ్యంతో రక్తం పట్టదు. వంద గ్రాముల తైదల్లో (రాగుల్లో) ఉండే కాల్షియం అంతే బియ్యంలో ఉన్నదానికి ముప్పై రెట్లకు పైమాట. సజ్జల్లో ఇనుము, జొన్నల్లో పీచు, కందిలో మాంసకృత్తులు. ఇవన్నీ ఉమ్మడి కరీంనగర్ పల్లెల్లో ఒకప్పుడు రోజువారీ తిండే. జొన్న గట్క, తైద అంబలి, మక్క గట్క తిన్న తరం ఇంకా మన మధ్యనే ఉంది.

జహీరాబాద్ ఎర్రనేలల్లో సంఘం ఆడవాళ్లు కాపాడుకున్నది ఈ కంచాన్నే. ఒకే చేనులో జొన్న, కంది, పెసర, అనుములు, కొర్ర, సామ, నువ్వులు కలిపి వేస్తారు. చేను గట్టు మీద, సాళ్ల నడుమ ఎవరూ విత్తని కూరాకులు మొలుస్తాయి. వాటిని కలుపుగా పీకి పారేయకుండా వండుకుంటారు. విత్తనాల విషయంలో వాళ్ల జాగ్రత్త చూసి తీరాలి. ఎన్నుల్లో మంచిది ఏరి, ఎండబెట్టి, బూడిదా వేపాకూ కలిపి, పేడతో అలికిన వెదురు బుట్టలో పోసి మూత మీద మట్టి పూస్తారు. పొరుగు మనిషి విత్తనం అడిగితే డబ్బు తీసుకోరు, పంట వచ్చాక అంతకంత కొలిచి తీసుకుంటారు. ఏటా సంక్రాంతి దినాల్లో ఆ విత్తనాల బుట్టలను ఎడ్లబండ్ల మీద పెట్టి ఊరూరా తిప్పే పాత పంటల జాతర ఇందుకోసమే. ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ బహుమతి 2019లో ఈ సంఘాలకు వచ్చింది.

ఈ కంచం పోషణలో మిన్న, అందులో అనుమానం లేదు. కానీ అది ఎవరి చేతుల మీద నడుస్తుందో కూడా చూడాలి. చిరుధాన్యాలను దంచాలి, చెరగాలి, విసరాలి, రొట్టె కొట్టాలి. ఆ పనంతా ఆడవాళ్లదే. ఫస్ట్ షిఫ్టుకు పోయే మనిషికి తెల్లవారకముందే సద్ది కట్టి, తర్వాత తనూ కూలికి పోయే ఇల్లాలికి కుక్కర్‌లో అన్నమే సులువు. ఈ నిజాన్ని పక్కన పెట్టి “జొన్నలు తినండి” అని చెప్పడం ఆమె నెత్తిన ఇంకో మూట పెట్టడమే. పిండి మర, పొట్టు తీసే చిన్న యంత్రం ఊళ్లో ఉంటేనే ఆ మాట చెప్పే హక్కు మనకుంటుంది.

కష్టకాలంలో ఏది నిలబడుతుంది?

2020 మార్చి చివర లాక్‌డౌన్ వచ్చినప్పుడు తెలంగాణ ప్రభుత్వం కార్డు ఉన్నవాళ్లకు మనిషికి 12 కిలోల బియ్యం, కుటుంబానికి 1500 రూపాయలు ప్రకటించింది. కార్డు లేని వలస కార్మికులకు కూడా తలా 12 కిలోల బియ్యం, 500 రూపాయలు ఇస్తామంది. ఇది గోదాములు, దుకాణాలు, డీలర్ల వ్యవస్థ అప్పటికే ఊరూరా ఉండటం వల్లే సాధ్యమైంది. నలభై ఏళ్ల రేషన్ లేకపోయి ఉంటే ఆ వేసవిని తలచుకోవడానికే భయమేస్తుంది. దేశమంతా ఒకేసారి కుదేలైనప్పుడు ఏ ఊరి గింజల నిధీ దీనికి సాటి రాదు.

కానీ రేషన్ ధర ఎప్పుడూ పాలించేవాళ్ల చేతిలోదే. రెండు రూపాయల బియ్యం 1996లో మూడున్నర అయింది, 2000 నాటికి ఐదు రూపాయలు దాటింది. 2008లో మళ్లీ రెండుకు దిగింది, 2011లో ఒక రూపాయి అయింది, 2023 జనవరి నుంచి కేంద్రం పూర్తిగా ఉచితం చేసింది. కోటా కూడా అంతే. తెలంగాణలో మనిషికి నాలుగు కిలోలు, ఇంటికి ఇరవైకి మించకూడదన్న పరిమితి 2015 జనవరిలో పోయి ఆరు కిలోలైంది. ఇవాళ్టి దయాగుణం రేపటి ఖజానా మీద ఆధారపడి ఉంటుంది. తీసుకునేవాళ్లకు ఈ నిర్ణయాల్లో ఓటు రోజు తప్ప మాట లేదు.

జహీరాబాద్ జొన్నల నిధి లెక్క వేరే. 1990ల నడుమ కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ తోడ్పాటుతో సుమారు ముప్పై ఊళ్లలో, పడావు పడ్డ రెండున్నర వేల ఎకరాల పైచిలుకు భూమిని సంఘాలు సాగులోకి తెచ్చాయి. దున్నకానికీ పెంటకూ కలుపుకూ రైతుకు అప్పు ఇచ్చారు. తీర్చేది డబ్బుగా కాదు, కొన్నేళ్లపాటు జొన్నలుగా. ఆ జొన్నలు ఊళ్లోనే నిల్వ చేసి, కూలి దొరకని వానాకాలపు నెలల్లో పేదలకు బజారు ధర కన్నా బాగా తక్కువకు అమ్మారు. వచ్చిన పైసలు మళ్లీ నిధిలోకే. ధరలు పెరిగినా అప్పు గింజల్లో ఉంది కాబట్టి నిధి విలువ కరగలేదు. సాగు పనుల వల్ల ఊళ్లో కూలి దొరికింది, చొప్ప వల్ల పశువులు మిగిలాయి. ఒకే ఖర్చు పనినీ పంటనూ పంపిణీనీ కలిపి నడిపింది. వాన తగ్గిన ఏడు వరి ఎండుతుంది, కలిపి వేసిన పంటల్లో ఏదో ఒకటి చేతికొస్తుంది.

దాని పరిమితీ దాచనక్కర లేదు. మొదటి పెట్టుబడి ప్రభుత్వమే ఇచ్చింది. నడిపిన సంఘాల వెనక ఒక సంస్థ ఏళ్ల తరబడి నిలబడింది. అన్నిటికన్నా ముఖ్యం, అక్కడ పడావుదైనా భూమి ఉంది. దళిత కుటుంబాల చేతిలో ఎకరమో రెండెకరాలో నాసిరకం నేల ఉంది. రామగిరిలో చాలా కుటుంబాలకు లేనిది సరిగ్గా అదే.

గింజ ఎక్కడి నుంచి వస్తుంది?

అమర్త్య సేన్ 1981లో ‘పావర్టీ అండ్ ఫామిన్స్’లో చెప్పిన మాట నాలుగు దశాబ్దాలు దాటినా చెక్కుచెదరలేదు: గింజలు లేక కాదు, గింజల మీద హక్కు లేక జనం ఆకలితో చస్తారు. రేషన్ ఆ హక్కును కొంతవరకు చేతికిచ్చింది. కానీ ఆ గింజ ప్రయాణాన్ని రామగిరి వైపు నుంచి చూస్తే మరో సంగతి బయటపడుతుంది.

ఈ నేల కింది బొగ్గు థర్మల్ కేంద్రాలకు పోతుంది. అక్కడ పుట్టే కరెంటు 2018 జనవరి నుంచి తెలంగాణలో ఇరవై నాలుగు గంటలూ ఉచితంగా బోరు మోటార్లకు అందుతోంది. రామగుండంలో 1999లో మూతపడ్డ ఎరువుల కర్మాగారం స్థానంలో కొత్తది 2021లో యూరియా తీయడం మొదలుపెట్టింది. కరెంటు, యూరియా, కాలువ నీళ్లు కలిసి వరిని విపరీతంగా పెంచాయి. ఆ వడ్లు మహిళా సంఘాలు నడిపే ఐకేపీ కేంద్రాల్లో కొని, మిల్లుకు పంపి, బియ్యంగా రేషన్ దుకాణానికి చేర్చారు. రామగిరి తన పొలాలను ఇచ్చేసింది, ఆ పొలాల కింది బొగ్గు వేరేచోట వరి పండించింది, ఆ బియ్యంలో ఆరు కిలోలు మనిషికి తిరిగొచ్చింది. దేశం దృష్టిలో ఇది లాభసాటి లెక్క కావచ్చు. భూమి పోయిన కుటుంబం దృష్టిలో, ఒకప్పుడు పప్పూ నువ్వులూ కూరగాయలూ పాలూ ఇచ్చిన చేను ఇప్పుడు ఆరు కిలోల బియ్యంగా మాత్రమే మిగిలింది.

ఈ నష్టాన్ని మన చట్టం కూడా గుర్తించింది. 2013 భూసేకరణ చట్టంలో ఆహార భద్రతను కాపాడటానికే ఒక అధ్యాయం ఉంది. ఏటా రెండుమూడు పంటలు పండే సాగునీటి భూమిని చివరి మార్గంగానే తీసుకోవాలని, తీసుకుంటే అంత విస్తీర్ణంలో బంజరును సాగుయోగ్యం చేయాలని లేదా ఆ విలువను వ్యవసాయాభివృద్ధికి జమ చేయాలని చెప్పింది. బొగ్గు భూములకు వేరే చట్టాలు, మినహాయింపులు ఉండొచ్చు. కానీ ఆ అధ్యాయం వెనకున్న న్యాయం రామగిరికి వర్తించదని ఎవరూ చెప్పలేరు. పొలం పోతే ఆ నష్టం పరిహారం డబ్బుతో తీరదు, పోయిన పంటకు ఎక్కడో ఒకచోట పంటే లెక్క కావాలి.

జహీరాబాద్ నమూనా గొప్ప బలం ఇక్కడే. గింజ పండిన చోటే నిల్వ ఉంది, నిల్వ ఉన్న చోటే తిన్నారు. నిల్వ గది తాళం ఆడవాళ్ల దగ్గర ఉంది. ఏ పంట వేయాలి, ఎంత ధరకు అమ్మాలి, ఎవరికి ముందివ్వాలి అన్నది వాళ్లే తేల్చారు. తిండి కోసం ఒకరి గడప తొక్కే స్థితి నుంచి తిండి గురించి నిర్ణయించే స్థితికి వచ్చారు. సతీశ్ 2023 మార్చిలో కన్నుమూసే దాకా నొక్కి చెప్పిన ఆహార సార్వభౌమత్వం ఇదే. రేషన్ ఇవ్వలేనిది కూడా ఇదే.

రామగిరికి ఏది?

నాలుగు ప్రశ్నల తర్వాత నా తీర్పు ఇది. రేషన్‌ను తీసేసి సంఘం గాదె పెట్టుకోమనడం బొగ్గు ప్రాంతంలో క్రూరత్వం. ఇక్కడ భూమి లేనివాళ్లు, ఊరు పోయినవాళ్లు, వేరే రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లు ఎక్కువ. వాళ్లందరి కాళ్ల కింద ఉన్న గట్టి నేల రేషనే. దాన్ని తగ్గించే ఏ ఆలోచననూ, నగదు బదిలీ పేరుతో వచ్చినా మరో పేరుతో వచ్చినా, ఒప్పుకోకూడదు. అలాగే రేషన్ ఒక్కటే చాలనడం 70 శాతం పిల్లల రక్తహీనతను కళ్లారా చూస్తూ ఊరుకోవడం. బియ్యం ఆకలిని ఆపింది, లేమిని ఆపలేదు. ఆ రెండో పని చేయగల నేర్పు జహీరాబాద్ ఆడవాళ్లు చూపించారు.

రెండూ కలవగలవని చూపిన చోట్లున్నాయి. ఒడిశా 2017లో మొదలుపెట్టిన మిల్లెట్ మిషన్ ద్వారా ఆదివాసీ రైతుల దగ్గర రాగులు మద్దతు ధరకు కొని అక్కడి రేషన్ దుకాణాల్లోనే ఇచ్చింది. కర్ణాటక దక్షిణ జిల్లాల్లో రాగులు, ఉత్తర జిల్లాల్లో జొన్నలు రేషన్‌లో ఇస్తూ వచ్చింది. బ్రెజిల్ 2009లో చేసిన చట్టం బడి భోజనానికి కేంద్రం ఇచ్చే డబ్బులో కనీసం 30 శాతంతో చిన్న రైతు కుటుంబాల పంటే కొనాలంది. మూడింటిలోనూ సూత్రం ఒకటే: ప్రభుత్వం డబ్బూ హక్కూ ఇస్తుంది, గింజ మాత్రం దగ్గరి చేను నుంచి వస్తుంది.

రామగిరిలో దీన్ని మొదలుపెట్టాల్సిన చోటు అంగన్‌వాడీ, బడి వంటగది. ఆరోగ్యలక్ష్మి కింద 2015 నుంచి గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీలోనే ఒక పూట భోజనం, పాలు, గుడ్డు ఇస్తున్నారు. అదే కంచంలో వారానికి రెండు మూడు రోజులు తైద జావ, జొన్న రొట్టె, కందిపప్పు, మండలంలోనే పండిన కూరగాయలు పడాలి. వాటిని కొనడానికి కొత్త యంత్రాంగం అక్కర లేదు. ఏటా వడ్ల కేంద్రాలు నడిపే మహిళా సంఘాలకు తూకమూ లెక్కలూ బిల్లులూ కొట్టిన పిండి. వాళ్లకే కొనుగోలు, పిండి మర, నిల్వ గది అప్పగిస్తే వండే ఇల్లాలి నెత్తిన భారం పడదు, మిగిలిన చేలలో జొన్న, కంది వేసే రైతుకు ఖాయమైన బజారు దొరుకుతుంది.

దీనికి డబ్బు బయటి నుంచి తేనక్కర లేదు. 2015 నుంచి గనుల సంస్థలు రాయల్టీతోపాటు చెల్లించే వాటా జిల్లా ఖనిజ ఫౌండేషన్ ట్రస్టుకు చేరుతోంది. గని వల్ల నష్టపోయిన ఊళ్ల తాగునీటికి, ఆరోగ్యానికి, స్త్రీ శిశు సంక్షేమానికి ముందు ఖర్చు పెట్టాలన్నది దాని నిబంధన. రోడ్డు, భవనం కట్టినంత సులువుగా ఆ డబ్బులో పిల్లల కంచానికీ చోటు దొరకాలి. గనుల నుంచి తోడే నీటిని సింగరేణి ఊరి చెరువులకు ఇస్తోంది. ఆ నీటి కింద ఆయకట్టులో వరితోపాటు కూరగాయలకూ పప్పులకూ ఎన్ని ఎకరాలో గ్రామసభ తేల్చాలి. బొగ్గు తీయడం అయిపోయిన భూమిని చెట్లు నాటి ఆపేయకుండా, మట్టి పరీక్షలు చేసి సాగుకు పనికొచ్చే భాగాన్ని నిర్వాసితుల సంఘాలకు దీర్ఘకాలం కౌలుకివ్వాలి. ఓబీ కుప్ప మీద రేపే జొన్న పండదు, అది నిజం. అందుకే ఇవాళే మొదలుపెట్టాలి.

అన్నిటికన్నా ముందు చేయదగ్గది పైసా ఖర్చు లేనిది. ప్రతి రేషన్ దుకాణం పరిధిలో ఏడాదికి రెండుసార్లు కార్డుల జాబితాను, కాంట్రాక్టు కార్మికుల గదులున్న చోట్లతో సహా, జనం ముందు పైకి చదవాలి. ఆ సభలో ఆడవాళ్లకు ముందు మాట ఇవ్వాలి. ఎవరి పేరు లేదో, ఏ ఇంట్లో నెల చివర పస్తో అక్కడే రాసుకోవాలి, తహసీల్దారు దానికి గడువు లోపల జవాబివ్వాలి. పస్తాపూర్ నేల మీద గీసిన పటం నుంచి రామగిరి నేర్చుకోవాల్సిన మొదటి పాఠం ఇదే. రేషన్ హక్కు సభలో అందరి మాటగా మారినప్పుడు తర్వాతి పనులన్నిటికీ అడిగేవాళ్లుంటారు. అడిగేవాళ్లున్న చోట ఏ పథకమైనా, అది రెండు రూపాయల బియ్యమైనా సంఘం జొన్నలైనా, నిలబడుతుంది.